పాత టాటా ఏస్: అడ్వాన్సుకు ముందు ఫారం 35, ఛాసిస్ చూడండి

మీరు చూసిన 2017 నాటి టాటా ఏస్ ఆర్‌సీలో ఫైనాన్స్ సంస్థ పేరు ఇంకా ఉందని, లోను తీరిపోయిందని యజమాని అంటున్నందున అడ్వాన్సు ఇవ్వవచ్చునా అని అడిగారు. ఆ సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), దాని సంతకంతో కూడిన ఫారం 35 (ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తొలగించడానికి ఇచ్చే పత్రం) కళ్లతో చూసేంతవరకు ఇవ్వకపోవడమే మంచిది. ఎందుకంటే ఆ సంస్థ సమ్మతి లేకుండా, పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద యజమాని సంతకం చేసినా బండి మీ పేరుకు మారదు. కిస్తీలు అయిపోయాయన్న నోటిమాటకు రవాణా కార్యాలయంలో విలువ లేదు. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో ఫిట్‌నెస్, బీమా గడువులు, చలాన్లు కూడా చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన సరుకు వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించవలసి ఉంటుంది కనుక, ఆ ఖర్చును బేరంలో కలుపుకోండి.

ఇక బండి విషయానికి వస్తే, రంగు, సీటు కవర్లు చూసి మురిసిపోకండి (అమ్మేవారు ముందుగా మెరుగుపెట్టేవి అవే). ఇటుకలు గానీ ఇసుక గానీ పరిమితికి మించి మోసిన బండి బండారం ఛాసిస్‌లోనే (బండి అడుగు చట్రంలోనే) బయటపడుతుంది: మీరు తొట్టి కిందికి వంగి, వెనుక కమాన్ కట్టలు (బరువు మోసే పట్టీ స్ప్రింగులు) బిగించిన చోట పగుళ్లు, వెల్డింగ్ అతుకులు, వాటిని కప్పడానికి కొత్తగా పూసిన నల్ల రంగు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఛాసిస్‌కు అతుకు కనిపిస్తే, ధర ఎంత తగ్గించినా నేనైతే వదిలేస్తాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. వేడెక్కాక ఆయిల్ మూత తీస్తే పొగ గట్టిగా తన్నుకొస్తోందంటే పిస్టన్ రింగులు అరిగి ఉండవచ్చు, రెండు సిలిండర్ల చిన్న ఇంజనే అయినా బోరు పని (అరిగిన సిలిండర్లను సరిచేయించడం) ఖర్చు చిన్నది కాదు. వీలైతే కొంత బరువు వేయించి, ఏదైనా ఫ్లైఓవర్ ఎక్కించి క్లచ్ జారుతోందేమో గమనించండి.