తెలుగు కథల వెబ్‌సైట్‌కి ఏ ఫాంట్ పెట్టాలి? ఇంగ్లీషుకి ఏది జత కలుస్తుంది?

మీ నాన్నగారి కథలన్నీ ఒక సైట్‌లో పెడుతున్నానన్నారు. టెంప్లేట్‌తో వచ్చిన పాపిన్స్ ఫాంట్‌లోనే తెలుగు బాగానే కనిపిస్తోందనీ, శీర్షికలకి వేరే ఫాంట్ పెట్టాలా, ఇంగ్లీషుకి ఏది నప్పుతుంది అనీ అడిగారు. పదేళ్లుగా తెలుగు సైట్లు చేస్తున్నాను. కింద చెప్పేవన్నీ చేతులు కాలాక పట్టుకున్న ఆకులే.

ముందు ఒక సంగతి. మీకు కనిపిస్తున్నది పాపిన్స్ కాదు. పాపిన్స్‌లో దేవనాగరి ఉంది కానీ తెలుగు లేదు. అక్షరాలు దొరక్కపోయేసరికి బ్రౌజర్ మీ మెషీన్‌లో ఉన్న ఏదో ఒక తెలుగు ఫాంట్ తెచ్చి అక్కడ అతికిస్తుంది. ఇప్పటి విండోస్‌లో అయితే నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు నోటో. అంటే మీరు చూస్తున్న పేజీ వేరు, హైదరాబాదులో మీ చెల్లెలు చూసేది వేరు. నేను మొట్టమొదట ఒక పచ్చళ్ల దుకాణానికి సైట్ చేసినప్పుడు ఇది తెలీదు. ల్యాప్‌టాప్‌లో చూపించి మెప్పించి వచ్చాను. సాయంత్రం యజమాని ఫోన్ చేసి "బాబూ, పొద్దున చూపించింది ఇది కాదుగా" అన్నాడు. ఆయన అన్నది నిజమే. కాబట్టి ఏ ఫాంటైనా సరే, పేరుపెట్టి మీ సైట్‌తోపాటే పంపించండి. పాఠకుడి ఫోన్ దయకి వదలొద్దు.

ఇక ఎంపిక. అందరూ శీర్షిక ఫాంట్‌తో మొదలుపెడతారు, ఎందుకంటే సరదా అక్కడుంది. కథల సైట్‌కి అది చివరి పని. పాఠకుడు శీర్షికని రెండు సెకన్లు చూస్తాడు, కథని ఇరవై నిమిషాలు చదువుతాడు. ముందు ఆ ఇరవై నిమిషాల సంగతి చూడాలి.

దీనికి నా దగ్గరున్న పరీక్ష మా పెద్దనాన్న. రిటైరైన తెలుగు మాస్టారు. ఒక కథల పత్రికకి సైట్ చేసి, 14 పిక్సెళ్ల సైజులో ముచ్చటగా సర్ది, లింకు పంపాను. పది నిమిషాల్లో ఫోన్. "ఏరా, అర్ధరాత్రి అని రాయడం కూడా రాదట్రా మీ పత్రికవాళ్లకి? అర్థరాత్రి అని కొట్టారేమిటి?" గాభరాపడి చూస్తే మ్యాటర్‌లో అచ్చుతప్పేమీ లేదు. ర కింద ఉన్నది ధ ఒత్తే. కానీ ధ ఒత్తుకీ థ ఒత్తుకీ తేడా లోపలున్న ఒక్క చుక్క. ఒత్తు అసలు అక్షరంకంటే బాగా చిన్నది. 14 పిక్సెళ్లలో దాని కడుపు పూడుకుపోయి, చుక్క ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఇంగ్లీషులో 14 చిన్నదే అయినా చదవగలం, ఎందుకంటే అక్కడ అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడదు. మన దగ్గర సైజు నిర్ణయించాల్సింది అక్షరం కాదు, ఒత్తు. అప్పటినుంచి కథ మ్యాటర్‌కి 18కి తగ్గను. పెద్దవాళ్లు ఎక్కువ చదివే సైట్ అయితే 20.

ఫాంట్ చూసేటప్పుడు 'అమ్మ ఆవు ఇల్లు' టైపు చేసి చూడకండి, వాటిలో అన్ని ఫాంట్లూ అందంగానే ఉంటాయి. నేను టైపు చేసేవి ఇవి: స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, లక్ష్మీదేవి, విద్యార్థులు, దుఃఖం, సాఫ్ట్‌వేర్. స్త్రీలో కింద త ఒత్తు, దానికి క్రారవడి, పైన గుడిదీర్ఘం, మూడూ ఒకే అక్షరం మీద పడతాయి. అక్కడ నిలబడ్డ ఫాంట్ ఎక్కడైనా నిలబడుతుంది. (తెలుగు అక్షరాలు పేర్చడం యంత్రానికి ఎంత కష్టమో కావాలంటే 2018 ఫిబ్రవరి గుర్తుచేసుకోండి. 'జ్ఞా' మధ్యలో కనిపించని నాన్-జాయినర్ గుర్తు ఒకటి ఇరికించి మెసేజ్ పంపితే ఐఫోన్లో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 11.2.6 ఇవ్వాల్సి వచ్చింది. నాకు లోపల్లోపల కాస్త గర్వంగా కూడా అనిపించింది.)

ఇక పేర్లు. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగు జాబితా తెరిస్తే భువనవిజయంలో అడుగుపెట్టినట్టుంటుంది: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, ఆఖరికి శ్రీకృష్ణదేవరాయలు కూడా. ఇవన్నీ ఉచితంగా వాడుకోవచ్చు, పుణ్యం అమెరికా తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్రది. కాకపోతే ఎక్కువ భాగం శీర్షికలకీ పోస్టర్లకీ పనికొచ్చేవి. మ్యాటర్‌కి నేను మళ్లీ మళ్లీ వెళ్లేవి నాలుగే. మండలి చదవడానికి హాయిగా ఉంటుంది, తెలుగు పత్రిక చదువుతున్న భావన వస్తుంది, కానీ ఒకే ఒక్క మందం. నోటో సెరిఫ్ తెలుగు పుస్తకంలా ఉంటుంది, సన్నం నుంచి బాగా లావు దాకా అన్ని మందాలూ ఉన్నాయి. అనెక్ తెలుగు ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లది, ఇప్పటి కాలపు సైట్లకి బాగుంటుంది కానీ పాత ఊరి కథలకి నాకెందుకో పట్టదు. టిరో తెలుగు గీతల్లో సన్నం-లావు తేడా ఉన్న పాత అచ్చు ముద్ర. పద్యాలు ఉంటే దాని తర్వాతే ఎవరైనా.

జత గురించి. మన కథల్లో ఇంగ్లీషు ఎక్కడ వస్తుంది? బస్సు, ఆఫీసు అన్నీ తెలుగు లిపిలోనే రాస్తాం. మిగిలేది ఈమెయిల్ చిరునామా, ఒకటో రెండో ఇనిషియల్స్, అన్నిటికంటే ఎక్కువగా అంకెలు. అంటే మీ ఇంగ్లీషు ఫాంట్ ముఖ్యంగా చేసే పని 1, 2, 3లు, కామాలు, చుక్కలు, కొటేషన్లు చూపించడం. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఫాంట్-ఫ్యామిలీ (సైట్ కోడ్‌లో ఫాంట్ల పేర్లు రాసే చోటు) వరసలో ఏది ముందు రాస్తే ఈ గుర్తులన్నీ దాంట్లోంచే వస్తాయి. పచ్చళ్ల సైట్‌లో నేను మాంట్‌సెరాట్ ముందు రాసి, తెలుగు తర్వాత రాశాను. 'ఆవకాయ అరకిలో 250' అన్నచోట ఆవకాయ సన్నగా నాజూగ్గా, 250 మాత్రం బోర్డు మీద రాసినట్టు వెడల్పుగా వచ్చింది. "ధర చూసి పారిపోతారయ్యా" అన్నాడాయన.

దీనికి తేలిక మందు, తెలుగు ఫాంట్‌నే ముందు రాయడం. అప్పుడు అంకెలు కూడా దాంట్లోవే వస్తాయి, వాటిని ఆ ఫాంట్ చేసినవాళ్లే తెలుగుకి కొలిచి పెట్టి ఉంటారు. అనెక్, టిరో, హింద్ గుంటూరుల్లో ఇంగ్లీషు అక్షరాలు కూడా పక్కన పెట్టుకోదగ్గవే, జత వెతుక్కునే పనే లేదు. నోటో అయితే దాని ఇంగ్లీషు నోటోనే. ఫాంట్‌లో ఉన్న ఇంగ్లీషు నచ్చకపోతేనే బయటది తేవాలి. అప్పుడు ఏ ఫాంట్ ఏ అక్షరాలకో చెప్పే యూనికోడ్-రేంజ్‌తో తెలుగు ఫాంట్‌ని తెలుగు అక్షరాలకే పరిమితం చేసి, మిగతావి రెండో ఫాంట్‌కి వదిలేయండి. సైజులు కలవకపోతే, సైట్‌కి ఫాంట్‌ని చేర్చే ఫాంట్-ఫేస్‌లో సైజ్-అడ్జస్ట్ అని ఒకటి రాయొచ్చు, రెండోదాన్ని 95 శాతమో 92 శాతమో చేసుకుంటూ పోవడమే. సరైన అంకె ఏదని అడిగితే చెప్పలేను. 'క 1 మ 8 x' అని పక్కపక్కన టైపు చేసి, కళ్లు సగం మూసి చూస్తాను. ఏదీ ముందుకి తోసుకురాకపోతే అయిపోయినట్టే. గీత మందం కూడా ఆ చూపులోనే తెలుస్తుంది. మండలి పక్కన ప్లేఫెయిర్ లాంటి సన్నం-లావు తేడా ఎక్కువున్న ఇంగ్లీషు పెట్టి చూడండి, పట్టుచీర మీద స్పోర్ట్స్ బూట్లలా ఉంటుంది.

ఫాంట్ సరిపోయినా టెంప్లేట్ చంపేసే చోట్లు కొన్నున్నాయి. అన్నిటికంటే ముఖ్యం లైన్-హైట్, అంటే ఒక్కో లైన్‌కి అక్షరం సైజుకి ఎన్ని రెట్లు ఎత్తు ఇస్తామన్నది. ఇంగ్లీషు టెంప్లేట్లలో శీర్షికలకి 1.1, 1.2 పెట్టి, పైగా పెట్టె దాటింది కనిపించకుండా కోసేస్తారు. ఆ పత్రికలో ఒక కథ పేరులో 'స్త్రీ' ఉంది. కింద త ఒత్తు సగానికి తెగి, సైట్‌లో రెండు రోజులు 'సీ'కి దగ్గరగా ఏదో కనిపించింది. రచయిత్రి ఎంత మర్యాదగా చెప్పారంటే, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మ్యాటర్‌కి 1.7 నుంచి 1.8, శీర్షికలకి 1.4కి తగ్గకుండా పెట్టండి. మెనూలు, బటన్లు విడిగా చూడండి, కోత ఎక్కువ అక్కడే.

తర్వాత లెటర్-స్పేసింగ్, అంటే అక్షరాల మధ్య ఎడం. ఇంగ్లీషు పెద్దక్షరాల శీర్షికల కోసం పెట్టింది తెలుగుకి కూడా తగిలి, అక్షరాలు ఒకదానికొకటి మాట్లాడుకోనట్టు విడిపోతాయి. సున్నా చేసెయ్యండి. ఇటాలిక్ కూడా తీసేయండి. ఫాంట్‌లో లేనప్పుడు బ్రౌజరే అక్షరాల్ని పక్కకి వంచేస్తుంది, మన గుండ్రటి అక్షరాలు జారిపోతున్నట్టుంటాయి. మనసులో మాటలకి ఇటాలిక్ బదులు కొటేషన్లు చాలు. మండలి వాడితే బోల్డ్ కూడా దొంగ బోల్డే, అక్షరాన్ని అలికి లావు చేసింది. ఒత్తులు మళ్లీ పూడుకుపోతాయి. ఫాంట్-సింథసిస్‌కి నన్ అని రాస్తే ఈ రెండు వేషాలూ ఆగుతాయి. జస్టిఫై (లైన్లన్నీ రెండు అంచులకీ సాగదీయడం) కూడా వద్దు. 'వెళ్లిపోవాల్సివచ్చినప్పుడల్లా' లాంటి మాట ఫోన్ తెరమీద కింది లైన్‌కి దూకితే పై లైన్లో రెండు మాటలు మిగిలి, మధ్యలో కాలవ పారుతుంది.

శీర్షిక ఫాంట్ ఇప్పుడు. మ్యాటర్ నోటో సెరిఫ్ అయితే దాని లావు మందమే శీర్షికకి సరిపోతుంది, రెండో ఫాంట్ అక్కర్లేదు. మండలి అయితే బోల్డ్ లేదు కాబట్టి వేరేది కావాలి, రామభద్ర పెట్టండి. బాగా లావుగా, గట్టిగా ఉంటుంది, మండలి పక్కన తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. రెండూ కాస్త ఒకేలా ఉండే ఫాంట్లు జత చేస్తే మాత్రం పొరపాటున మారినట్టు కనిపిస్తుంది. రవిప్రకాష్ లాంటి అలంకారాలు సైట్ పేరుకి ఒక్కసారి వాడుకోండి, ప్రతి కథకీ వద్దు.

నాన్నగారి పాత కథలు డీటీపీలో కంపోజ్ చేసినవైతే, అవి అను ఫాంట్లలో ఉండే అవకాశం ఎక్కువ. అది యూనికోడ్ కాదు, అంటే ఫోన్లూ బ్రౌజర్లూ అర్థం చేసుకునే పద్ధతి కాదు. నేరుగా అతికిస్తే గజిబిజి వస్తుంది. కన్వర్టర్‌లో వేసి, తర్వాత ఒకసారి కూర్చుని చదవాల్సిందే, ఒత్తులు అక్కడక్కడా తారుమారవుతాయి.

అన్నీ అయ్యాక ఒక కథ పెట్టి, నాన్నగారి ఫోన్లోనే ఆయన చేతికివ్వండి. ఫాంట్ ఎలా ఉందని అడక్కండి, బాగుందనే అంటారు. పక్కన కూర్చుని, ఆయన ఫోన్‌ని దూరంగా జరిపినా, రెండు వేళ్లతో పెద్దది చేసినా సైజు ఇంకో పిక్సెల్ పెంచండి.