పదకొండు కోర్సుల ల్యూట్‌కు తగిన సంగీతం

ప్రశ్న: నా దగ్గర 11 కోర్సుల (కోర్సు అంటే ఒకటిగా మీటే తీగ లేదా తీగల జత) బరోక్ ల్యూట్ అనే పాత ఐరోపా తంత్రీవాద్యం ఉంది. కానీ దొరికే రచనల్లో చాలావాటికి 13 కోర్సులు కావాలంటున్నారు. నా వాద్యానికి సరిపోయేవాటిని ఎలా గుర్తుపట్టాలి?

జవాబు: మీ వాద్యానికి సంగీతం కొరతేమీ లేదు, కాస్త వెనకటి కాలంలో వెతకాలంతే. 17వ శతాబ్దపు ఫ్రెంచి విద్వాంసులు దెని గోతియే, జాక్ గాలో, షార్ల్ మూతోన్‌ల రచనలు, జర్మన్ విద్వాంసుడు ఎసాయాస్ రాయ్స్‌నర్ 1667లోనూ 1676లోనూ అచ్చువేయించిన సంపుటాలు, బొహీమియాకు చెందిన కౌంట్ లోజీ కృతులు 11 కోర్సులకు చక్కగా ఒదుగుతాయి. మొదలుపెట్టడానికి నేనైతే రాయ్స్‌నర్‌నే చెబుతాను. ఫ్రెంచివారి విరుపుల లయ చేతికి పట్టుబడటానికి సమయం పడుతుంది.

జర్మన్ ల్యూట్ విద్వాంసుడు సిల్వియస్ లియోపోల్డ్ వైస్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. సుమారు 1718 తర్వాత ఆయన 13 కోర్సులకు మళ్లినా, అంతకుముందు రాసినవి మీకు పనికొస్తాయి. ట్యాబ్లేచర్‌లో, అంటే ఏ తీగను ఎక్కడ నొక్కాలో చూపే లిపిలో, ఆరు గీతల కింద చూడండి: ఏడో కోర్సు నుంచి పదో కోర్సు వరకు ‘a’ అక్షరం, ఎనిమిదోదాని నుంచి దాని ముందు ఒక్కొక్కటిగా పెరిగే వాలుగీతలు ఉంటాయి, పదకొండోదానికి 4 అంకె ఉంటుంది. 5, 6 అంకెలు కనబడితే అది 13 కోర్సుల రచన. అవి ఒకటి రెండు చోట్లే వస్తే రచనను వదులుకోనక్కరలేదు. 6 ఉన్నచోట ఆరో కోర్సును ఖాళీగా (వేలితో నొక్కకుండా) మీటితే అదే స్వరం ఒక స్థాయి పైన పలుకుతుంది. ప్రతి పాదం చివరా వస్తుంటే మాత్రం ఆ మంద్రపు బరువు పోతుంది కనుక వేరొకటి ఎంచుకోవడమే మేలు.