‘న్యాయం చేశారు’ అని రాయకండి

ప్రియమైన యువ మిత్రునికి,

మీరు పంపిన నాటిక సమీక్ష రెండుసార్లు చదివాను. ఎత్తుగడ బాగుంది. మూడో పేజీలో “నటీనటులందరూ తమ తమ పాత్రలకు న్యాయం చేశారు” అన్న వాక్యం కంటపడగానే కాగితాలు పక్కన పెట్టి, కాసేపు వరండాలో పచార్లు చేసి వచ్చి ఈ జవాబు మొదలుపెట్టాను. నా మొదటి సమీక్షలో నేనూ ఈ వాక్యమే రాశాను గనుక కోపంలో సగం నా మీదే.

నాటక పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతలు వేరే ఉంటారు, వాళ్ళకు మార్కుల కాగితాలిస్తారు. మీరు ఆ రాత్రి అక్కడున్న సాక్షి. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన ‘కన్యాశుల్కా’న్ని 1909 నాటి మలికూర్పులో ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు గాని, ఆ తొలి గిరీశం చుట్ట ఏ వేళ్ళ మధ్య పట్టుకున్నాడో ఆ పుస్తకంలో దొరకదు. ఆడవేషాలకు పేరుపడ్డ నటుడు స్థానం నరసింహారావు గారి సత్యభామ సంగతి వస్తే మా మేనమామ ‘మీరజాలగలడా’ పాడి ఊరుకునేవాడు కాదు. లేచి, పైపంచెను పైటలా వేసుకుని, ఆయన దాన్ని ఎలా సర్దేవారో చేసి చూపేవాడు. స్థానం వారు 1971లో పోయారు, మేనమామా పోయాడు. గొంతు రికార్డులో దొరుకుతుంది. ఆ చెయ్యి ఎవరైనా రాసిపెడితేనే ఉంటుంది.

ఒక పరిషత్తులో నేను ముసలి తండ్రి వేషం కట్టాను. కొడుకు ఉత్తరం చదివే ముందు కళ్ళజోడు తుడుచుకోవడమొక్కటే ఇరవై రోజులు సాధన చేశాను. మర్నాటి పత్రికలో జ్యోతి వెలిగించిన వారూ, శాలువా కప్పించుకున్న వారూ పేరుపేరునా ఉన్నారు. నాటికకు దక్కింది ఒక్క వాక్యం, అదే వాక్యం. ఆ విలేకరి సన్మానం కాగానే బస్సెక్కాడని తరువాత తెలిసింది. నేనే సమీక్షకుణ్ణయ్యాక ఒక నటుడి నడక మీద మూడు వాక్యాలు రాస్తే, ఉపసంపాదకుడు వాటిని కోసేసి ముఖ్య అతిథి ప్రసంగాన్ని అతికించాడు.

తెలిసినవాణ్ణి విమర్శిస్తే స్నేహం చెడదా అని అడిగారు. చెడుతుంది. మన నాటకరంగంలో ఈ ఏటి సమీక్షకుడే వచ్చే ఏడు దర్శకుడు, ఆపై ఏడు న్యాయనిర్ణేత. ఎవరి మీద రాసినా రేపు వాళ్ళ ఎదుట నిలబడవలసిందే. ఒక నటుణ్ణి గురించి “మైకు దగ్గరికి వచ్చినప్పుడే పాత్రలోకి వచ్చాడు” అని రాసినందుకు అతను రెండేళ్ళు నన్ను పలకరించలేదు. మూడో ఏట రిహార్సలుకు పిలిపించి, మైకుకు అందని మూలన నిలబడి, “ఇప్పుడు వినండి” అని మొత్తం ఘట్టం చెప్పాడు. తనను పొగిడిన సమీక్షల్లో ఒక్కటీ అతనికి గుర్తులేదు.

మీ మిగతా ప్రశ్నలకు మరోసారి రాస్తాను. రెండో పేజీ అడుగున మీరు కొట్టేసిన ఒక వాక్యం సిరా కింద ఇంకా కనిపిస్తోంది: తల్లి వేషం వేసినామె ఖాళీ బిందెను నిండు బిందెలా చంకకెత్తుకుందని. దాన్నెందుకు కొట్టేశారు? దాన్ని తిరిగి రాయండి. ఎత్తుకున్నాక ఆమె నడుం ఎటు ఒరిగిందో కూడా రాసి పంపండి.