వంకను తిన్నగా తవ్వించవచ్చా? నురగ నీరు పంటకు పారించవచ్చా?

ప్రశ్న: మాది బెంగళూరును ఆనుకొని ఉన్న సర్జాపుర పక్క పల్లె. మా మూడెకరాల పొలం అంచున ఒక వంక ఉంది. మునుపు సంక్రాంతి దాటితే ఎండిపోయేది. ఎగువన లేఅవుట్లు, అపార్ట్‌మెంట్లు వచ్చాక ఏడాది పొడుగునా పారుతోంది కాని నీరు నల్లగా, నురగతో, వాసనగా ఉంటోంది. మోటారు పెట్టి కొత్తిమీర, పాలకూర, టమోటాకు పారిస్తున్నాం. కొత్తిమీర ఏపుగా వస్తోంది, కోసిన మరునాటికే కుళ్లుతోంది. టమోటాకు ఆకే తప్ప కాయ లేదు. మడుల్లో తెల్లటి పొర తేలుతోంది. ఈ ఏడు తొలకరి వానకు మడుగులోని చేపలన్నీ చచ్చి తేలాయి. వానొచ్చినప్పుడల్లా గట్టు కోసుకుపోతోంది. జేసీబీతో వంపులు తీసేసి వంకను తిన్నగా తవ్వించి, మా వైపు రాతిగోడ కట్టించాలనుకుంటున్నాం. చేయవచ్చా? ఈ నీళ్లు ఆవులకు పట్టవచ్చా?

జవాబు: జేసీబీ పనిని దయచేసి ఆపండి. మీరు అడిగిన వాటన్నింటిలో ఒకసారి చేశాక తిరిగి సరిదిద్దుకోవడానికి వీలులేనిది అదొక్కటే కాబట్టి, ముందుగా దాని గురించే రాస్తున్నాను.

మీ గట్టు కోసుకుపోవడానికి కారణం వంపులు కావు, ఎగువన నేల మారిపోవడం. బెంగళూరు ప్రాంతంలో ఏడాదికి సుమారు 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. పొలాలు, తోపులు ఉన్న రోజుల్లో అందులో చాలా భాగం ఎర్రనేలలోకి ఇంకి, నెలల తరబడి ఊటగా వంకకు చేరేది. ఇప్పుడు మిద్దెల మీదా తారు రోడ్ల మీదా పడిన వాన ఇంకే దారి లేక, కొద్దిసేపట్లోనే ఒక్క ఉరుకున మీ గట్టును తాకుతోంది. ఈ స్థితిలో వంపులు తీసేస్తే, అదే ఎత్తు నుంచి అదే పల్లానికి నీరు తక్కువ దూరంలో దిగవలసి వస్తుంది కనుక వాలు పెరుగుతుంది, వాలుతో వేగం, వేగంతో అడుగు కోత పెరుగుతాయి. ఆ కోత మీరు తవ్వించిన చోట ఆగదు. అడుగున ఏర్పడిన మెట్టు ప్రతి వరదకూ కొంత ఎగువకు జరుగుతూ పోతుంది, దానివెంట రెండు వైపులా గట్లు కూలుతాయి, వంక ఎంత లోతుకు దిగితే పక్క బావుల్లో ఊట అంత కిందికి పోతుంది. రాతిగోడ కడితే నీటి తాకిడి ఎదుటి రైతు గట్టు మీదికి మళ్లుతుంది, గోడ పాదం కింద మట్టి లేచిపోయి కొన్నేళ్లకు ఆ గోడా ఒరుగుతుంది.

ఇంకొక కారణం ఉంది, నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది. మురుగు కలిసిన వంక తనను తాను కొంతవరకు శుభ్రం చేసుకోగలదు, అయితే ఆ పని చేసేది దాని రాళ్లు, మడుగులు, వంపులు, ఒడ్డు చెట్లే. రాళ్ల మీద గలగలా పారే చోట గాలిలోని ప్రాణవాయువు నీటిలో కలుస్తుంది. ఆ రాళ్లకు అంటుకున్న జిగురు పాచిలో ఉండే సూక్ష్మజీవులు మురుగును తిని, అమ్మోనియాను నైట్రేటుగా మారుస్తాయి. ఒడ్డు వేర్ల మధ్య తడి బురదలో ఆ నైట్రేటులో కొంత నత్రజని వాయువై గాలిలోకి పోతుంది. ఇవన్నీ జరగడానికి నీరు అక్కడ ఆగి, తిరిగి, నిదానంగా పోవాలి. తిన్నటి కాలువలో ఆ వ్యవధి దొరకదు, మురుగు ఉన్నది ఉన్నట్టుగా దిగువకు చేరుతుంది.

వంక పరిస్థితి తెలుసుకోవడానికి మొదట పరికరాలేమీ అక్కర్లేదు. రబ్బరు తొడుగులు వేసుకొని, నీరు పారేచోట అరచేయంత రాయిని పైకెత్తి కిందివైపు చూడండి. రాయి అడుగు నల్లగా ఉండి కుళ్లిన గుడ్ల వాసన వస్తే, అక్కడ ప్రాణవాయువు లేదని అర్థం. బురదలో సన్నని ఎర్రటి పురుగులు మెలికలు తిరుగుతుంటే, అవి రక్తంలో ఉన్నలాంటి ఎర్రటి పదార్థం సాయంతో అతి తక్కువ ప్రాణవాయువుతో బతికే జీవులు. అదే రాయికి చదునైన ఒళ్లు, మూడు సన్నని తోకలు ఉన్న చిన్న పురుగులో, ఇసుక రేణువులతో గూడు అల్లుకున్న పురుగులో అంటుకొని ఉంటే నీరు చాలావరకు బాగున్నట్టు. అపార్ట్‌మెంట్ల నీరు కలిసే చోటుకు ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి ఇలా చూసి, ఏ రాయి కింద ఏమి కనిపించిందో ఫొటో తీసి పెట్టుకోండి. మీ వంక చచ్చిపోయిందని మీ ఊరివాళ్లు అంటూ ఉండవచ్చు, నేను ఒప్పుకోను. మురుగు రావడం ఆగితే తూనీగలు ఎగిరి వచ్చి గుడ్లు పెడతాయి, చేపలు ఎగదన్ని వస్తాయి. వాటికి కావలసిందల్లా రాళ్లూ మడుగులూ అక్కడే ఉండడం.

చేపల సంగతికి వస్తాను. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న మన ప్రాంతంలో 25 డిగ్రీల వేడి దగ్గర శుభ్రమైన నీరు లీటరుకు దాదాపు 7.5 మిల్లీగ్రాముల ప్రాణవాయువును మాత్రమే పట్టి ఉంచగలదు. చేపల పెంపకానికి పనికివచ్చే నీటిలో కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్దేశించింది. శుద్ధి చేయని ఇళ్ల మురుగు ఒక లీటరు కుళ్లడానికి సుమారు 200 మిల్లీగ్రాములు కావాలి, అంటే 25 లీటర్లకు పైగా మంచినీటిలోని ప్రాణవాయువును అది మింగేస్తుంది. వేసవి అంతా మీ మడుగు అడుగున పేరుకున్న మురుగు బురదను తొలకరి వాన ఒక్కసారిగా కలియబెట్టింది, రోడ్ల మీది నూనె, దుమ్ము దానికి తోడయ్యాయి. కొన్ని గంటల్లోనే ప్రాణవాయువు అడుగంటింది, బురదలోని అమ్మోనియా పైకి వచ్చింది. తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరిచి నీటి పైకి రావడం మీరు చూసి ఉంటే, కారణం ఇదేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. అలా చచ్చిన చేపలను తినకండి, పందులకూ కోళ్లకూ వేయకండి, దూరంగా పూడ్చిపెట్టండి.

పంట విషయంలో మీరు చూస్తున్నవన్నీ ఆ నీటిలో ఉన్న వాటి ఫలితాలే. ఇళ్ల మురుగులో లీటరుకు 40 మిల్లీగ్రాముల వరకు నత్రజని ఉండడం సాధారణం. అలాంటి నీటిని ఎకరాకు 5 సెంటీమీటర్ల మేర ఒక తడి పెడితే సుమారు 8 కిలోల నత్రజని నేలకు చేరుతుంది, రెండున్నర తడులు ఒక 45 కిలోల యూరియా బస్తాతో సమానం. దీనిపైన మీరు యూరియా కూడా వేస్తున్నట్టయితే టమోటా ఆకు మీదికే పోవడంలోనూ, కొత్తిమీర కాడ మెత్తబడి కుళ్లడంలోనూ ఆశ్చర్యం లేదు. ఈ నీరు వాడిన మడులకు ఈ పంటకాలంలో యూరియా పూర్తిగా మానండి.

కొత్తిమీర, పుదీనా, పాలకూర మాత్రం ఈ నీటితో ఇకమీదట వేయవద్దని గట్టిగా చెబుతున్నాను. పచ్చిగా తినే పంటలకు పారించే నీటిలో 100 మిల్లీలీటర్లకు మలసంబంధ కోలిఫాం బాక్టీరియా 1000కి మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో సూచించింది. మురుగు కలిసిన వంకల్లో ఇది అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, కడిగినంత మాత్రాన పోదు. పైగా కాడ్మియం, సీసం వంటి లోహాలు ఉంటే అవి అన్నిటికన్నా ఆకుకూరల్లోనే ఎక్కువగా చేరతాయి. ఆకుకూరలకు బోరు నీరు ఉంచుకొని, వంక నీటిని సేవంతి, గులాబీ వంటి పూలకు మళ్లించండి. పశుగ్రాసానికి పారిస్తే కోతకు కనీసం రెండు వారాల ముందు ఆపండి. నీరు కట్టేవాళ్లు బూట్లు, చేతి తొడుగులు లేకుండా మడిలో దిగకూడదు. తెల్లటి పొర ఉప్పుది కావచ్చు, సబ్బు నీటిలోని సోడియం వల్ల నేల బిగుసుకుపోవడమూ మొదలై ఉండవచ్చు. నీటిలో ఉప్పు ఎంత ఉందో తెలిపే విద్యుత్ వాహకత సాగునీటిలో సెంటీమీటరుకు 2250 మైక్రోమోలు దాటకూడదన్నది నియమమే అయినా, బీన్స్ వంటి సున్నితమైన పంటలు అందులో సగం కన్నా తక్కువ దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. సోడియం వల్ల బిగుసుకున్న నేలను సరిచేయడానికి జిప్సం వేస్తారు, కాని పరీక్ష చేయించకుండా వేయకండి.

ఆవులకు ఈ నీరు పట్టకూడదు. మడుగు అంచున నత్తలు ఉంటే అక్కడి గడ్డి కూడా మేపకండి, కార్జపు జలగ వాటి ద్వారానే పశువులకు సోకుతుంది.

ఇక గట్టు. కోతపడిన వంపు బయటివైపు అంచును నిట్టనిలువుగా ఉంచకుండా, ఒక అడుగు ఎత్తుకు రెండడుగుల వెడల్పు వచ్చేలా వాలుగా చెక్కించండి. పాదం దగ్గర పెద్ద రాళ్లను సిమెంటు లేకుండా పేర్పించండి. వాలు మీద వంకకు సమాంతరంగా వట్టివేరు పిలకలను జానెడు కన్నా తక్కువ దూరంలో వరుసలుగా, వానలు మొదలవగానే నాటించండి. దాని వేర్లు కొన్నేళ్లలో రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి. గట్టు పైన కానుగ, తెల్లమద్ది, నేరేడు పెట్టండి. గన్నేరు మాత్రం వద్దు, దాని ఆకు పశువులకు విషం. పొలం వైపు నాలుగైదు మీటర్లు దున్నకుండా గడ్డికి వదిలేస్తే మీ పొలపు ఎరువు వంకలోకి పోకుండా అదే పట్టి ఉంచుతుంది. భూమి తక్కువగా ఉన్న మీకు ఇది కష్టమైన మాటేనని తెలుసు, కాని గట్టు విరిగితే పోయే నేల అంతకన్నా ఎక్కువ.

మీరు పంపిన ఫొటోల్లో ఒకదానిలో పేడదిబ్బ సరిగ్గా గట్టు అంచున ఉంది, దాని పక్కనే మందు కొట్టే ట్యాంకు కడుగుతున్నట్టు కనిపిస్తోంది. దిబ్బను పొలం మధ్యకు మార్చండి. సైపర్‌మెత్రిన్ వంటి మందులు లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు ఉన్నా చేపలను చంపుతాయి కనుక, ట్యాంకు కడిగిన నీటిని వంకకు దూరంగా, పంట లేని నేల మీద పోయండి.

ఎగువ మురుగును ఆపించే హక్కు మీకు ఉంది. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం ప్రవాహమనే మాటను నిర్వచిస్తూ, పారుతున్నదైనా ప్రస్తుతానికి ఎండి ఉన్నదైనా ప్రతి నీటిదారినీ అందులో చేర్చింది. అందువల్ల మీ వంక ఒకప్పుడు వేసవిలో ఎండేదన్న వాదన ఎవరికీ రక్షణ కాదు. కర్ణాటక రెవెన్యూ లెక్కల్లో వంకలు సాధారణంగా బి ఖరాబు కింద ఉంటాయి, అది ప్రభుత్వ భూమి. అనుమతి లేకుండా దాని దారి మార్చితే తప్పు మీ మీదికే వస్తుంది కనుక, మీ పహణీ చూసుకొని, తహసీల్దారు కార్యాలయం ద్వారా సర్వే చేయించుకున్నాకే గట్టు పని మొదలుపెట్టండి. ఫిర్యాదును ఒక్కరే కాకుండా వంక వెంబడి ఉన్న రైతులందరూ సంతకాలు చేసి, గ్రామ పంచాయతీ ద్వారా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇవ్వండి, తేదీ, సమయం కనిపించే ఫొటోలు జతచేయండి.

నీటి నమూనాను శుభ్రమైన లీటరు సీసాలో, అదే నీటితో మూడుసార్లు కడిగి, తెల్లవారకముందే ఎగువన ఒకటి, దిగువన ఒకటి, మీ బోరుది ఒకటి పట్టి, మంచు పెట్టెలో అదే రోజు ప్రయోగశాలకు చేర్చండి. మడిలో అర అడుగు లోతు మట్టిని కూడా తీసుకొని బెంగళూరు జీకేవీకే ప్రాంగణంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో, మీకు దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రంలోనో పరీక్ష చేయించండి. విద్యుత్ వాహకత, సోడియం, ఉదజని సూచిక (పీహెచ్) వివరాలు రాసి పంపితే ఎకరాకు ఎంత జిప్సం కావాలో, అసలు అవసరమో కాదో లెక్కకట్టి తెలియజేస్తాను.