మూడు వేల మీటర్లకు దమ్ము చాలదేం?

సెల్‌ఫోన్ ఆటలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

(ఈ విడత ఉత్తరాలన్నీ ‘ఉమముసుమే: ప్రెటీ డెర్బీ’ గురించే. జపాన్‌లో 2021 ఫిబ్రవరిలో, ఇంగ్లీషులో 2025 జూన్‌లో వచ్చిన సైగేమ్స్ వారి ఆట ఇది. నిజంగా పరిగెత్తిన జపాన్ పందెపు గుర్రాల పేర్లు, స్వభావాలు తీసుకుని వాటిని అమ్మాయిల రూపంలో చూపిస్తారు. ఇక్కడ మాత్రం సులువుకోసం గుర్రాలనే అంటున్నాం. ఆటగాడు ట్రైనింగ్ ఇచ్చి గుర్రానికి స్పీడ్, స్టామినా, పవర్, గట్స్, విట్ అనే అంకెలు పెంచుతూ మూడేళ్ల కెరీర్ నడిపిస్తాడు, అర నెలకు ఒక టర్న్ చొప్పున.)

ప్రశ్న: అన్నా, మిహోనో బూర్బన్‌కు స్పీడ్ 600 దాటించాను. సత్సుకి షో, డెర్బీ రెండూ గెలిచింది. కికుకా షోలో మాత్రం చివరి మలుపు దాకా ముందే ఉండి, గీతకు కొంచెం ముందు నలుగురి వెనక్కి పోతోంది. ఐదుసార్లు ఇదే తంతు. స్పీడ్ ఇంకా పెంచాలా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: స్పీడ్ జోలికి ఇక పోవద్దు. సత్సుకి షో 2000 మీటర్లు, డెర్బీ 2400, కికుకా షో 3000. దూరం పెరిగింది, మీ గుర్రానికి దమ్ము పెరగలేదు. అసలు బూర్బన్‌కూ 1992లో జరిగింది ఇదే. మొదటి రెండు పందేలు గెలిచి, మూడోదానిలో రైస్ షవర్ వెనక రెండో స్థానంలో ఆగిపోయింది. ఆట చేసినవాళ్లు ఆ కష్టాన్ని కావాలనే మీ నెత్తిన పెట్టారు.

ఈ ఆటలో ప్రతి గుర్రానికీ పందెంలో ఒక దమ్ము నిల్వ ఉంటుంది. తెరమీద చూపించరు గానీ ఆటగాళ్లు లెక్క బయటికి తీశారు. పందెం దూరం ఎన్ని మీటర్లో అంత అంకె తీసుకుని, దానికి స్టామినాలో 0.8 వంతును పరుగు తీరు గుణకంతో హెచ్చవేసి కలపాలి. ఆ గుణకం మొదటినుంచీ ముందుండే ఫ్రంట్ రన్నర్‌కు 0.95, వాళ్ల వెనకే ఉండే పేస్ చేజర్‌కు 0.89, మధ్యనుంచి పుంజుకునే లేట్ సర్జర్‌కు 1.0, చివరినుంచి దూసుకొచ్చే ఎండ్ క్లోజర్‌కు 0.995. ముందుండి లాగే బూర్బన్‌కు స్టామినా 350 ఉంటే నిల్వ 3,266, 450 ఉంటే 3,342. వంద స్టామినా పెంచితే పెరిగింది 76 మాత్రమే.

ఇప్పుడు రికవరీ స్కిల్, అంటే పందెం మధ్యలో దమ్ము తిరిగిచ్చే నైపుణ్యం సంగతి. వీటిలో మేలురకమైన గోల్డ్ రికవరీ ఒకటి పనిచేస్తే మొత్తం నిల్వలో 5.5 శాతం తిరిగొస్తుంది. 3,342లో అది 184 దాకా, అంటే దాదాపు 240 స్టామినా పెంచినట్టు. మామూలు తెల్ల స్కిల్ ఇచ్చేది 1.5 శాతమే, 65 స్టామినాకు అటూఇటూ. చాలామంది స్కిల్ పాయింట్లను కెరీర్ చివరిదాకా మూటగట్టి దాచుకుంటారు. బూర్బన్ విషయంలో అలా దాచడం తప్పు. అక్టోబర్ రెండో సగంలో, అంటే 44వ టర్న్‌లో పందెం, కాబట్టి అంతకుముందే కొనేయండి. ఆ స్కిల్‌కు ఆటలో హింట్లు (సూచనలు) పడితే ధర తగ్గుతుంది, మొదటి హింట్‌కు 10 శాతం, ఐదోదానికి 40 శాతం దాకా.

అయితే కొన్నంత మాత్రాన స్కిల్ పనిచేస్తుందనుకోవద్దు. అది విట్ (తెలివి) అంకె మీద ఆధారపడుతుంది. 9000ను విట్‌తో భాగించి, వచ్చింది 100లోంచి తీసేయండి. విట్ 200 అయితే పనిచేసే అవకాశం 55 శాతమే, 300 అయితే 70, 450 అయితే 80. స్పీడ్ 600, విట్ 180తో గోల్డ్ స్కిల్ కొనడమంటే మోటారు బిగించి కరెంటు ఇప్పించకపోవడమే.

ఇంకోటి: బూర్బన్‌కు లాంగ్ ఆప్టిట్యూడ్, అంటే దూరపు పందేలకు నప్పే గుణం, బి మాత్రమే (ఎ మేలు, జి అన్నిటికంటే కింద). బి ఉన్నచోట స్పీడ్ నుంచి రావాల్సిన లాభం 0.9 వంతుకు పడిపోతుంది. పూర్వీకులుగా పెట్టుకునే గుర్రాల వంశంలో లాంగ్ గులాబీ స్పార్క్ (ఆప్టిట్యూడ్ పెంచే వారసత్వ గుర్తు) ఒక్క నక్షత్రం ఉన్నా మొదట్లోనే ఎ అవుతుంది. మా అంచనా చెబుతాం: లాంగ్ ఎ, స్టామినా 450, విట్ 300, ఒక గోల్డ్ రికవరీ, స్పీడ్ మీకున్న 600. వీటితో మూడ్ ‘గ్రేట్’లో పెట్టుకుని దిగండి. గ్రేట్ మూడ్ పందెంలో అన్ని అంకెలకూ 4 శాతం కలుపుతుంది. పందేనికి ముందు టర్న్ మూడ్ పెంచే రిక్రియేషన్‌కు ఖర్చయినా గిట్టుబాటే.

ప్రశ్న: ట్రైనింగ్ ఫెయిల్ అయ్యే అవకాశం 20 శాతం అని చూపిస్తే నొక్కొచ్చా? ప్రతిసారీ రెస్ట్ ఇస్తే టర్న్‌లు వృథా కదా?
– డిగ్రీ విద్యార్థిని, ప్రొద్దుటూరు

జవాబు: బండలాగుడు పోటీ ముందురోజు ఎద్దులను పొలానికి తోలేవాళ్లు మీ ఊరి పక్కన ఎవరైనా ఉన్నారా? 20 శాతం అంటే ఐదింటిలో ఒకటి. ఫెయిలైతే ఆ టర్న్ పోవడమే కాదు, మూడ్ ఒక మెట్టు దిగుతుంది, ఉన్న పాయింట్లూ తగ్గుతాయి, ఒక్కోసారి ‘ప్రాక్టీస్ పూర్’ అనే జబ్బు అంటుకుని తర్వాతి ఫెయిల్ శాతాన్నీ పెంచుతుంది. మూడ్ పడితే తర్వాతి ట్రైనింగ్ ఫలితమూ తగ్గుతుంది, మెట్టుకు 10 శాతం చొప్పున. ఒకే ట్రైనింగ్ బటన్‌లో నలుగురు స్నేహితులు (తోడుగా పెట్టుకునే సపోర్ట్ కార్డులు) కూడి, కింద చెప్పబోయే రంగుల మెరుపు కూడా ఉంటే 10 శాతం దాకా మేము తెగిస్తాం, ఆపైన తెగించం.

ఎనర్జీ మామూలుగా 100 ఉంటుంది. స్పీడ్, స్టామినా, పవర్ ఒక్కోటి 20 చుట్టూ తింటాయి. విట్ మాత్రం 5 తిరిగిస్తుంది. ఫెయిల్ శాతం కనపడేది ఎనర్జీ సుమారు సగానికి దిగాకే. కాబట్టి 50 దగ్గర రెస్ట్ కాకుండా విట్ నొక్కడం అలవాటు చేసుకోండి. పైన చెప్పిన స్కిల్ లెక్కకూ అది పనికొస్తుంది. రెస్ట్ ఇస్తే 70, 50, 30లో ఏదో ఒకటి వస్తుంది. 30 వచ్చినరోజు ‘నైట్ ఔల్’ అనే జబ్బు కూడా వెంటరావచ్చు, అప్పుడు ఇన్‌ఫర్మరీకి (ఆటలోని ఆస్పత్రికి) పంపండి.

మొదటి ఏడాది అంకెలు చూడొద్దు, తలలు లెక్కపెట్టండి. ఎక్కువ సపోర్ట్ కార్డులు ఎక్కడ చేరితే అక్కడే నొక్కాలి. కలిసి చేసిన ప్రతిసారీ స్నేహం 7 చొప్పున పెరుగుతుంది. 80 చేరాక, ఆ కార్డు తన సొంత రకం ట్రైనింగ్‌లో కనపడిన రోజు రంగుల మెరుపు వచ్చి లాభం బాగా పెరుగుతుంది. రెండో, మూడో ఏడాది జూలై, ఆగస్టుల్లో వేసవి శిబిరం. ఆ నాలుగు టర్న్‌లూ అన్ని ట్రైనింగ్‌లూ ఐదో లెవెల్‌లో ఉంటాయి. జూన్ రెండో సగంలో రెస్ట్ ఇచ్చి నిండు ఎనర్జీతో అక్కడికి చేరండి, వీలైతే అక్కడ పందేలు పెట్టుకోవద్దు.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఈ గుర్రప్పందెం ఆటకు డబ్బులడుగుతున్నాడు. ఇది బెట్టింగ్ కాదా?
– ఒక తల్లి, కడప

జవాబు: బెట్టింగ్ కాదమ్మా. ఇందులో గెలిచినా మీకు ఒక్క రూపాయి తిరిగిరాదు. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నిషేధించింది డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను. అంతమాత్రాన జేబుకు భద్రం అని చెప్పలేం, ఇక్కడ డబ్బులు పోయేది లాటరీ పెట్టెలాంటి ‘స్కౌట్’లో. ఒక్కసారి లాగడానికి ఆటలో డబ్బులాంటి క్యారెట్లు 150 కావాలి. మేలురకం కార్డు పడే అవకాశం 3 శాతం, అందులో మీ అబ్బాయి కోరుకున్నదే పడే అవకాశం ఇంకా తక్కువ. 200 సార్లు లాగితే కోరింది మార్చుకోవచ్చు, అంటే 30,000 క్యారెట్లు. మధ్యలో ఆపితే లాగినందుకు వచ్చిన ఆ పాయింట్లు తర్వాతి బ్యానర్‌కు (తర్వాతి విడత స్కౌట్‌కు) పనికిరావు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, పనికిరాని కార్డు పడినా ఖర్చు ఖర్చే.

అబ్బాయికి చెప్పండి: ట్రైనింగ్‌కు తోడుగా పెట్టుకునే ఆరు సపోర్ట్ కార్డుల్లో ఒకటి ఈ ఆట ఆడే వేరే స్నేహితుల దగ్గర అరువు తీసుకోవచ్చు. పూర్తిగా పెంచిన మంచి కార్డును అక్కడే తెచ్చుకోవాలి. రోజువారీ పనులకు ఇచ్చే క్యారెట్లను 30,000 అయ్యేదాకా కూడబెట్టి, అప్పుడే లాగాలి. మీ ఫోన్ ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి.

ప్రశ్న: హరు ఉరారాతో అరిమా కినెన్ గెలవడం సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, గుంతకల్లు

జవాబు: ముందు ఊపిరి పీల్చుకోండి, ఆ పందెంలో పాల్గొంటే చాలు, ఆట ఇచ్చిన లక్ష్యం నెరవేరినట్టే. గెలవాలన్న పంతం ఉంటే లెక్క ఇది. అరిమా కినెన్ పచ్చికమీద 2500 మీటర్లు. హరు ఉరారాకు టర్ఫ్ (పచ్చిక) జి, లాంగ్ జి. మట్టిమీద పొట్టి పందేల గుర్రం. గులాబీ స్పార్క్‌లు 1 నక్షత్రానికి ఒక మెట్టు, 4కు రెండు, 7కు మూడు, 10కి నాలుగు మెట్లు పెంచుతాయి. తల్లిదండ్రులిద్దరు, వాళ్ల తల్లిదండ్రులు నలుగురు, మొత్తం ఆరుగురు. ఒక్కొక్కరికీ ఒకే గులాబీ స్పార్క్, గరిష్ఠంగా 3 నక్షత్రాలు. టర్ఫ్‌కు ముగ్గురు, లాంగ్‌కు ముగ్గురు పెడితే 9, 9. రెండూ డి దగ్గర ఆగుతాయి. టర్ఫ్‌కు నలుగురిని పెట్టి సి దాకా తెచ్చుకుంటే లాంగ్‌కు మిగిలేది ఇద్దరే, అది ఇ దాటదు. మొదట్లో ఇంతకుమించి దారి లేదు. రెండో, మూడో ఏడాది ఏప్రిల్ మొదట్లో వారసత్వం మళ్లీ పనిచేసినప్పుడు అదృష్టం ఉంటే మరో మెట్టో రెండో ఎక్కుతుంది. మేమైతే డి, డితోనే మొదలుపెడతాం. గులాబీ స్పార్క్ ఎ లేదా పైనున్న ఆప్టిట్యూడ్‌లలోంచే పడుతుంది కాబట్టి రైస్ షవర్‌లాంటి టర్ఫ్ ఎ, లాంగ్ ఎ గుర్రాలను పూర్వీకులుగా ముందు తయారు చేసుకోండి. వారాలు పడుతుంది. అసలు హరు ఉరారా కోచి ట్రాక్‌లో 113 పందేలు పరిగెత్తి ఒక్కటీ గెలవలేదన్న సంగతి గుర్తుంటే విసుగు కాస్త తగ్గుతుంది.

ప్రశ్న: గట్స్ ట్రైనింగ్ అవసరమా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: గట్స్ చివరి మూడోవంతు పరుగులో దమ్ము ఖర్చును కొంచెం తగ్గిస్తుంది. కానీ అన్నిటికంటే ఎక్కువ ఎనర్జీ తినేదీ అదే. ముగ్గురు స్నేహితులు అక్కడ కూడితే నొక్కండి, లేకపోతే వదిలేయండి.