కంట్లో శుక్లం ముదిరాకే ఆపరేషన్ చేయించుకోవాలా?

అక్కర్లేదు, రోజువారీ పనులకు ఇబ్బంది మొదలైతే శుక్లం ముదరకముందే ఆపరేషన్ చేయించుకోవచ్చు. ఆగమనడం పాత పద్ధతి నాటి మాట. అప్పట్లో పెద్ద కోత పెట్టి లెన్స్ తీసి, కుట్లు వేసేవారు. ఇప్పుడు ఫేకో పద్ధతిలో 2-3 మిల్లీమీటర్ల కోతలోంచి, మసకబారిన లెన్స్‌ను అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి తీసేసి కృత్రిమ లెన్స్ పెడతారు. బాగా ముదిరితే అది గట్టిపడి, ముక్కలు చేయడమే కష్టమవుతుంది. ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు. ఉదాహరణకు, రాత్రి బండి నడిపేటప్పుడు ఎదుటి హెడ్‌లైట్లు చెదిరి దారి కనబడకపోతే, పగలు పేపరు చదవగలుగుతున్నా సరే, డాక్టరుకు చూపించుకోవాలి. చుక్కల మందుతో శుక్లం కరిగిపోతుందని చాలామంది నమ్ముతారు. అలా కరిగిస్తుందని రుజువైన మందు లేదు, దయచేసి చుక్కలు వేసుకుంటూ నెలలు గడిపేయకండి.