ఇంట్లో ఐసీయూ పెట్టేముందు మీ మెట్లు చూసుకోండి

"మా మామగారిని ఐసీయూ నుంచి ఇంటికి పంపేస్తామంటున్నారు. ఈ ట్రాఫిక్‌లో రోజూ ఆసుపత్రికి తిరగడం మావల్ల కావట్లేదు. ఇంట్లోనే ఐసీయూ పెట్టుకుంటే ఏ కంపెనీ మెషీన్లు మంచివి?" అని మీరు అడిగారు.

ఏ కంపెనీవైనా ఒకటేనండీ. మా నాన్నగారిని ఏడు నెలలు ఇంట్లో చూసుకున్నాం. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలపు జబ్బు. మంచం పక్కన 5 లీటర్ల కాన్సన్‌ట్రేటర్ (గదిగాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే మెషీను), రాత్రిళ్ళకి బైపాప్ (మాస్కులోంచి గాలి ఒత్తి ఊపిరికి సాయపడేది), నెబులైజర్ (మందుని తుంపరగా చేసి పీల్పించేది), మూలన రెండు ఆక్సిజన్ సిలిండర్లు. అన్నీ అద్దెవే. ఆ ఏడు నెలల్లో ఒక్క మెషీనూ మొరాయించలేదు. మొరాయించిందల్లా కరెంటు, లిఫ్టు, మా సందు, ఆపైన మనుషులు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. నాన్నగారు ఇంటికొచ్చి మూడో వారం. రాత్రి డ్యూటీ అటెండెంట్ రాలేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే "ఇంకో మనిషిని పంపించాం సార్, ట్రాఫిక్‌లో ఉన్నాడు" అన్నారు. పదకొండున్నరకి చేసినా ట్రాఫిక్‌లోనే ఉన్నాడు. సరే, ఒక్క రాత్రికి ఏమవుతుందిలే అని పడుకున్నాను.

ఒంటిగంట దాటాక కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉందిగా అని నేను లేవలేదు. ఆ కాన్సన్‌ట్రేటర్ ఒక్కటే 300 వాట్ల పైన లాగుతుంది. దానికి తోడు బైపాప్, అందులో నీళ్ళు వేడిచేసే హీటరు, రెండు ఫ్యాన్లు. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి ఎన్నాళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. రెండు గంటలన్నా వస్తుందనుకున్నది ముప్పావుగంటకే చేతులెత్తేసింది. కాన్సన్‌ట్రేటర్ అలారం మీరు వినుండరు. చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు. నేను లేచేసరికి అమ్మ అప్పటికే నాన్న ముఖం మీది మాస్కు తీసేసింది. తీయాల్సిందే మరి, ఆగిపోయిన బైపాప్ మాస్కు అలాగే ఉంచితే వదిలిన గాలినే మళ్ళీ పీల్చుకుంటారు. ఆసుపత్రిలో నర్సు ఈ ముక్క చెప్తున్నప్పుడు నేను ఫోన్ చూసుకుంటున్నాను. అమ్మ వింది.

సిలిండర్ ఉంది, నిండుగా ఉంది, ఆక్సిజన్ ఎంత పోవాలో సరిచేసే ఫ్లోమీటర్ కూడా బిగించే ఉంది. 10 లీటర్ల సైజు సిలిండర్ నింపితే దాదాపు 1500 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది. ఈ లెక్కలన్నీ నాకు కంఠతా వచ్చు. దాని వాల్వు తిప్పే తాళంచెవి ఎక్కడుందో మాత్రం తెలీదు.

ఎప్పుడూ సిలిండర్ మెడకే తాడుతో వేలాడేది. లేదు. ఫోన్ లైటు వేసుకుని మంచం కింద, మందుల డబ్బాలో, దిండ్ల కింద వెతుకుతున్నాను. అమ్మ నాన్న వేలికి ఆక్సీమీటర్ పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చదువుతోంది. 86. 83. 79. నాన్న మంచం అంచున కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి, భుజాలు ఎగరేస్తూ నన్నే చూస్తున్నారు. మామూలప్పుడైతే ఈపాటికి నన్ను నాలుగు తిట్టేవారు. తిట్టడానికి ఊపిరి లేదు. అప్పుడు వెలిగింది నాకు: సాయంత్రం ఖాళీ సిలిండర్ మార్చడానికొచ్చిన కుర్రాడు పని అయ్యాక తాళం జేబులో వేసుకుని పోయాడు.

కింది అంతస్తులో ప్లంబింగ్ పని చేసే ఆయన ఉంటారు. అప్పటిదాకా ఆయనతో నాకు నీళ్ళ మోటారు దగ్గర పేచీలే తప్ప మాటల్లేవు. వెళ్ళి తలుపు బాదాను. విషయం సగం విని పైపు రెంచి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. వాల్వు మొనకి రెంచి వేసి మెల్లగా తిప్పాడు. సుయ్‌మంది. మొత్తం ఆరు నిమిషాలంటుంది అమ్మ. నేను నమ్మను.

ఈలోగా అంబులెన్స్‌కి కూడా ఫోన్ చేశాం. నలభై నిమిషాలకి వచ్చింది, సందు మొగ దాకా. లోపలికి ఎలా వస్తుంది? అటూ ఇటూ కార్లు. సొంత పార్కింగులో సామాన్లు పేర్చుకుని కారు రోడ్డు మీద పెట్టే మహానుభావుల గురించి వేరే రాయాలి, ఇక్కడ మొదలెడితే ఆగను. వాళ్ళు స్ట్రెచర్ మోసుకొచ్చారు. కరెంటు లేదు, లిఫ్టు లేదు. మెట్ల మలుపు దగ్గర స్ట్రెచర్ తిరగలేదు. ఆ ఇంట్లో పదకొండేళ్ళుగా ఉంటున్నాం, ఆ మలుపులో పడుకున్న మనిషి పట్టడని ఆ రాత్రి తెలిసింది. నాన్నగారు అప్పటికి 90కి వచ్చారు కాబట్టి దించే పని తప్పింది.

కాబట్టి మెషీన్ల కేటలాగులు పక్కన పెట్టి ముందు ఒక కుర్చీలో బరువైన మనిషిని కూర్చోబెట్టి ఆ మెట్లు దింపి చూడండి. నవ్వులాట కాదు. దింపలేకపోతే కింది అంతస్తులో ఇల్లు అద్దెకి చూసుకోండి.

ఇక చుట్టాలు. మా పెద్దనాన్న చూడ్డానికొచ్చి, "2 లీటర్లేంటిరా, పిసినారితనం కాకపోతే" అని కాన్సన్‌ట్రేటర్ నాబ్ 5కి తిప్పేశారు. ఆక్సీమీటర్ 98 చూపించింది. ఇంటిల్లిపాదీ సంతోషం. సాయంత్రానికి నాన్న మగతలోకి జారారు, అడిగినదానికి పొంతన లేని జవాబులు. "పాపం, ఇన్నాళ్ళకి హాయిగా నిద్రపోతున్నాడు" అన్నారు పెద్దనాన్న. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. సీఓపీడీ వాళ్ళకి 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, ఆక్సిజన్ ఎక్కువైతే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మామూలు మనిషికి మంచి అంకె వీళ్ళకి చెడ్డ అంకె. నాబ్ తిప్పి బైపాప్ పెట్టాక రాత్రికి తేరుకున్నారు. మర్నాడే నాబ్ చుట్టూ ప్లాస్టర్ వేసేశాను. మీ మామగారికి ఎంత ఉండాలో డాక్టర్‌ని అడిగి గోడ మీద పెద్దక్షరాలతో రాయండి, చుట్టాలకి కూడా కనపడాలి.

బీపీ నిలబెట్టే మందు పంపులో ఎక్కుతున్న మనిషిని కూడా ఇంటికి తెచ్చేయొచ్చని ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి. అది ఇంటి వైద్యం కాదు, మంచం ఖాళీ చేయించడం. కుదురుకుని, ఒక మెషీను సాయంతో రోజులు గడుపుతున్న మనిషికే ఇల్లు పనికొస్తుంది. అలాంటివాళ్ళకి ఆసుపత్రి కన్నా ఇల్లే నయమని నేను ఇప్పటికీ అంటాను. నాన్నగారు ఆ ఏడు నెలలూ కిటికీలోంచి కింద పిల్లల ఆట చూసి అవుట్లు ఇచ్చేవారు, సైగలతో.

దుమ్ము సంగతి మర్చిపోయాను. రోడ్డు పక్క ఇల్లయితే కాన్సన్‌ట్రేటర్ వెనకున్న స్పాంజి ఫిల్టర్ వారానికే నల్లబడుతుంది. కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. గోడకి జానెడున్నర ఎడంగా ఉంచాలి, లేకపోతే వేడెక్కిపోతుంది. ఇరుకు గదిలో ఆ జానెడున్నర కోసం మేం బీరువా హాల్లోకి మార్చాం.

రాత్రి మనిషి గురించి మీరు అసలు అడగలేదు. నన్నడిగితే మొత్తం వైద్యం అదే. పగలు అందరూ ఉంటారు. రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు, ఎన్ని నెలలు లేవగలరు? మా ఇంట్లో అమ్మే లేచేది. నాకు తెలిసేసరికి ఆవిడ బీపీ మందులు మానేసి నెలన్నర. కొనడానికి వెళ్ళే తీరిక లేక.

నాన్నగారు పోయిన నాలుగో రోజున అద్దె సామాన్లకి మనుషులొచ్చారు. లిస్టు పట్టుకుని ఒక్కోటీ టిక్కు పెట్టుకున్నారు. చివర్లో ఆ కుర్రాడే, "సార్, సిలిండర్ తాళాలు రెండని రాసుంది, ఒకటే ఉంది" అన్నాడు. చెప్పబోయి ఊరుకున్నాను. రెండోదాన్ని డిపాజిట్‌లో పట్టుకున్నారు.